నెలల తరబడి ఒక్క ఇన్సిడెంట్ రిపోర్టూ లేదు: వార్డు ఇన్‌చార్జి గట్టిగా ఉండాలా, మెత్తగానా?

మెడికల్ వార్డు ఇన్‌చార్జి:

30 పడకల మెడికల్ వార్డు. ఇదివరకటి ఇన్‌చార్జి హయాంలో రౌండ్స్ టైముకి దుప్పటి మడత కూడా చెదిరేది కాదు, ఇన్సిడెంట్ రిపోర్టులు (పొరపాటు జరిగినా, తృటిలో తప్పినా రాసిచ్చేవి) మాత్రం సున్నా. ఇప్పుడు మేనేజ్‌మెంటు "అందర్నీ కలుపుకుపోండి" అంటోంది. ప్రతిదీ మీటింగులో పెడితే డ్యూటీ రోస్టరే తేలడం లేదు. హుకుం పద్ధతి, కలిసి నిర్ణయించే పద్ధతి, వదిలేసే పద్ధతి అని నాయకత్వ పద్ధతులు పరీక్షకి చదివినవే. వార్డులో ఏది ఎక్కడ పనికొస్తుందో తెలిసినవాళ్లు చెప్పండి.

క్వాలిటీ సెల్:

సిస్టర్, ముందు ఆ సున్నా సంగతి చూడండి. 30 పడకలకి రోజూ వందల డోసులు వెళ్తాయి. నెలంతా ఒక్క డోసూ ఆలస్యం కాలేదంటే, ఒక్క కాన్యులా (నరంలో పెట్టే సన్న గొట్టం) దగ్గరా వాపు రాలేదంటే నమ్మేదెవరు? 1990లలో ఎమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు అమెరికా ఆసుపత్రుల్లో మందుల పొరపాట్లను పరిశీలిస్తే, మంచి టీములున్న యూనిట్లలోనే ఎక్కువ పొరపాట్లు బయటపడ్డాయి. అక్కడివాళ్లు భయపడకుండా చెప్పుకుంటున్నారు కాబట్టి అని ఆమె తేల్చారు.

మీరన్న మూడు పద్ధతులూ మనస్తత్వ శాస్త్రవేత్త కర్ట్ లెవిన్ బృందం 1939లో ప్రచురించిన ప్రయోగంలోవి. పదేళ్ల పిల్లల క్లబ్బుల మీద చేశారు, అయినా మనకి పనికొచ్చే ముక్క ఒకటుంది. హుకుం మీద నడిచిన గుంపుల్లో పెద్దాయన గది దాటగానే పని పడిపోయేది. కలిసి నిర్ణయించుకున్న గుంపుల్లో ఆయన ఉన్నా లేకపోయినా సాగేది. మీ వార్డులో రాత్రంతా మీరుండరు. మీ పద్ధతి ఎలాంటిదో తేలేది అప్పుడే.

ఉదాహరణకి పొటాషియం క్లోరైడ్ ఆంప్యూల్ (ఇంజెక్షన్ మందు ఉండే చిన్న సీసా): 15 శాతం, 10 మి.లీ., అంటే 20 మిల్లీ ఈక్వివలెంట్ల పొటాషియం. డిస్టిల్డ్ వాటర్ ఆంప్యూలూ 10 మి.లీ.దే, రెండూ నీళ్లలా ఉంటాయి. రాత్రి 2 గంటలకి యాంటీబయాటిక్ పొడి కలపడానికి ఒక సిస్టర్ డిస్టిల్డ్ వాటర్ అనుకుని పొటాషియం తీసి, లేబుల్ చూసుకుని ఆగిపోయింది అనుకోండి. పలచన చేయకుండా నరంలోకి తోసుంటే గుండె ఆగేది. హుకుం వార్డులో ఆమె నోరు విప్పదు. విప్పితే మెమో వస్తుంది, ఆంప్యూలు మాత్రం అదే ట్రేలో ఉంటుంది, ఇంకో రాత్రి ఇంకో సిస్టర్ చేతికి తగులుతుంది. మీరు అడగాల్సింది "ఎవరు తీశారు" అని కాదు, "రెండూ ఒకే ట్రేలో ఎందుకున్నాయి" అని. వార్డు స్టాకులోంచి పొటాషియాన్ని పూర్తిగా తీసేయండి. ఐసీయూలో తాళం వేసి, ఎర్ర లేబులు అంటించి, ఇద్దరు సంతకం పెడితేనే బయటికి వచ్చేలా చూడండి.

అలాగని అన్నీ క్షమించేయమని కాదు. చెయ్యి జారితే ధైర్యం చెప్పి, జారిన చోటు బాగుచేయాలి. మందు సరిచూసే బార్‌కోడ్ స్కానర్ పనిచేయక దాటేశారంటే కూర్చోబెట్టి మాట్లాడాలి, స్కానరూ బాగుచేయించాలి. ఇవ్వని డోసుకి తెలిసి తెలిసి ఇచ్చినట్టు సంతకం పెడితే అది క్రమశిక్షణ ఫైలే. ఏది దేని కిందికి వస్తుందో తేలకపోతే ఒక ప్రశ్న వేసుకోండి: అంతే అనుభవం ఉన్న ఇంకో సిస్టర్ అదే పరిస్థితిలో అదే చేసేదా?

ఐసీయూ డ్యూటీ:

పైవన్నీ ఒప్పుకుంటాను, కానీ కోడ్ బ్లూలో (గుండె ఆగిన పేషెంటు కోసం ఇచ్చే అత్యవసర పిలుపు) చర్చ పెడితే పేషెంటు పోతాడు. అక్కడ ఒక్కరి మాటే నడవాలి. ఆ ఒక్కరు మంచం కాళ్ల వైపు, మానిటర్ కనిపించేలా నిలబడాలి, చేతులు ఖాళీగా ఉంచుకోవాలి. లీడరే కంప్రెషన్లు (ఛాతీ నొక్కడం) మొదలుపెడితే, నొక్కే మనిషిని మార్చాల్సిన రెండు నిమిషాల లెక్క ఎవరూ చూడరు. నిమిషానికి 100 నుంచి 120 ఉండాల్సిన వేగం మెల్లగా పడిపోతుంది, అలసిన మనిషిని మార్చమనే నాథుడుండడు.

ఎక్కువగా చెడేది మాట దగ్గర. "ఎవరైనా అడ్రినలిన్ ఇవ్వండి" అంటే ఎవరూ ఇవ్వరు, లేదా ఇద్దరిస్తారు. పేరు పెట్టి "అడ్రినలిన్ 1 మి.గ్రా. ఐవీ" అనాలి. అవతలివాళ్లు "అడ్రినలిన్ 1 మి.గ్రా. ఇచ్చాను, 2.14" అని తిరిగి చెప్పాలి. రాసేవాళ్లు ఆ టైము రాసుకుంటేనే మళ్లీ 3 నుంచి 5 నిమిషాలకి ఇవ్వాల్సిన డోసు గుర్తుంటుంది. మధ్యలో లీడరు "మనం చూడనిది ఏమైనా ఉందా?" అని ఒక్కసారి అడగాలి. గుండె ఎందుకు ఆగిందో చెప్పే పొటాషియం రిపోర్టు ఎవరి చేతిలోనో ఉండిపోయి ఉండొచ్చు.

నైట్ సూపర్‌వైజర్:

రాత్రి ఫోన్ గురించి ఎవరూ రాయలేదు. "సార్, 12వ బెడ్ పేషెంటుకి బాలేదు" అంటే నిద్రలో ఉన్న డాక్టర్ "అబ్జర్వ్ చేయండి" అంటారు. ఎస్‌బార్ (SBAR) వరసలో చెప్పడం నేర్పించండి. అమెరికా నౌకాదళ జలాంతర్గాముల నుంచి ఆసుపత్రులకి వచ్చిన పద్ధతి అది: ఇప్పుడేంటి, వెనక ఏముంది, ఏమనుకుంటున్నాం, ఏం కావాలి.

"సార్, 12వ బెడ్, బీపీ 84/50, సాయంత్రం 118/70 ఉంది. యూరిన్ ఇన్‌ఫెక్షన్‌తో నిన్న చేరారు, 60 కిలోలు, రెండు గంటల్లో యూరిన్ 25 మి.లీ. సెప్సిస్ అనిపిస్తోంది. మీరు ఇప్పుడే వచ్చి చూడాలి."

ఆఖరి వాక్యమే కష్టం. సార్‌కి మనం చెప్పడమేంటన్న జంకు. అందుకే 10 నిమిషాల్లో స్పందన లేకపోతే సీనియర్ కన్సల్టెంటుకి, అక్కడా లేకపోతే మెడికల్ సూపరింటెండెంటుకి ఫోన్ చేయాలని రాతపూర్వకంగా ఉంచి, సూపరింటెండెంటు చేతే సంతకం పెట్టించండి. అప్పుడు సిస్టర్ డాక్టర్ తల మీంచి వెళ్లినట్టు కాదు, రూలు పాటించినట్టు.

మెడికల్ వార్డు ఇన్‌చార్జి:

చాలా థాంక్సండీ. మరి రోస్టర్ సంగతి?

క్వాలిటీ సెల్:

రోస్టర్‌ని రెండు ముక్కలు చేయండి. షిఫ్టుకి ఎంతమంది, అందులో సీనియర్లెంతమంది, వరసగా ఎన్ని నైట్లు దాటకూడదు: ఇవి మీరే నిర్ణయించండి, మీటింగులో పెట్టకండి. ఎవరు ఏ రోజన్నది ఖాళీ చార్టులో వాళ్లనే నింపుకోమనండి. 20వ తేదీ దాకా మార్పులు వాళ్లలో వాళ్లు చేసుకోవచ్చు, ఆ తర్వాత తేలనివి మీరు తేల్చండి. పండగ రోజుల్ని పోయిన ఏడాది ఎవరు చేశారో చూసి తిప్పండి, అసలు గొడవంతా సంక్రాంతి దగ్గరే.

ఇన్సిడెంట్ ఫారం నాలుగు పేజీలుంటే అరపేజీ చేయండి. డ్యూటీ అయిపోయాక బస్సు కోసం పరిగెత్తే మనిషి నాలుగు పేజీలు రాయదు. వచ్చిన ప్రతి రిపోర్టుకీ ఏం మార్చారో వారంలోగా హ్యాండోవర్‌లో (షిఫ్టు అప్పగించేటప్పుడు) చెప్పండి, రాసినవాళ్ల పేరు మాత్రం ఎత్తకండి. రిపోర్టుల సంఖ్య పెరగగానే మేనేజ్‌మెంటు కంగారుపడుతుంది, కాబట్టి పెరుగుతుందని ముందే చెప్పి ఉంచండి.