అంకణమా, అంకనమా? మీటర్లలో ఎంత?

కావలి నుంచి:
స్థలాల బోర్డుల మీద కొందరు ‘అంకణం’ అనీ, కొందరు ‘అంకనం’ అనీ రాస్తున్నారు. ఏది సరి? ‘మూడంకణాల ఇల్లు’ అన్నా, ‘పదంకణాల స్థలం’ అన్నా కొలత ఒకటేనా? దస్తావేజులో చదరపు మీటర్లుంటే అంకణాల్లోకి ఎట్టా మార్చాలి?

నెల్లూరు నుంచి:
ణ-కారమే సరి అన్నా. అంకనమంటే గుర్తు వేయడం, మూల్యాంకనంలో ఉన్నది అదే. అంకణం ఇంటి కప్పు కింద మాట, రెండు దూలాల నడిమి చోటు. మూడంకణాల ఇల్లంటే నడుమ రెండు దూలాలు. రెండు కొసల్లో బరువు గోడలే మోస్తాయి. దూలానికీ దూలానికీ ఎడమెంతన్నది పైన అడ్డంగా పరిచే దంతెల పొడవును బట్టి ఉండేది. అందుకే పక్కపక్కనే ఉన్న రెండు మూడంకణాల ఇళ్లు కూడా ఒక్క కొలతకు రావు. ఆ అంకణాన్ని మీటర్లలోకి మార్చబోవడం దండగ.

స్థలం అంకణం వేరు. నెల్లూరులో అది 72 చదరపు అడుగులు, అంటే సరిగ్గా 8 చదరపు గజాలు. తిరుపతి వైపు 36 చదరపు అడుగులే. బేరానికి ముందు ‘ఎన్ని అడుగుల అంకణం?’ అని తప్పకుండా అడగండి. అడగకపోతే సగానికి సగం తేడా వస్తుంది.

ఒంగోలు నుంచి:
మా వైపు వాడేది గజాలూ సెంట్లే గానీ, మీరడిగిన మీటర్ల లెక్క నేను చెప్తా. అడుగు 0.3048 మీటరు. దాన్ని దానితోనే గుణించి 72 పెట్టి హెచ్చిస్తే నెల్లూరు అంకణం 6.689 చదరపు మీటర్లు. దస్తావేజులో 200 చదరపు మీటర్లుంటే 6.689తో భాగించండి: 29.9 అంకణాలు.

ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. మీటరుకు 3.28 అడుగులని బట్టీపట్టి, 200ను 3.28తో హెచ్చించి 656 చదరపు అడుగులంటారు. 3.28 పొడవుకు. వైశాల్యానికి 10.764 కావాలి, అప్పుడు 2,153 వస్తుంది. మొదటి లెక్కన 9 అంకణాలే తేలతాయి!

ఆత్మకూరు నుంచి:
మంచి మాట చెప్పారు సార్. టేపు పట్టేచోట ఇంకో చిక్కుంది. 12 అడుగుల 10 అంగుళాలను కాగితం మీద ‘12.10’ అని రాస్తారు. క్యాలిక్యులేటర్ దాన్ని 12.1 అడుగులనుకుంటుంది. అసలు కొలత 12.83. ఒక్క గోడ దగ్గరే 22 సెంటీమీటర్లు పోతాయి. అంగుళాలను 12తో భాగించాకే అడుగులకు కలపాలి. ఇంకా మేలు, మొదటి నుంచీ టేపులో మీటర్ల వైపే చదవడం.

కావలి నుంచి:
సెంటుకు ఆరంకణాలంటారు గదా, అది సరేనా?

నెల్లూరు నుంచి:
నోటి లెక్కకు సరే, రాతకు చాలదు. సెంటు 435.6 చదరపు అడుగులు, 72తో భాగిస్తే 6.05. ఇరవై సెంట్లకు 120 కాదు, 121 అంకణాలు. ఎకరాకు 605.