“నూరేళ్లు నిండిన ఊరు” అనొచ్చా?

ఒక చిన్న ఊరి వందేళ్ల పండక్కి ఆహ్వానపత్రిక రాసే పని నా మీద పడింది. “నూరేళ్లు నిండిన మన ఊరు” అని పెద్దక్షరాలతో మొదలుపెట్టాను. ప్రూఫు చూసిన పెద్దాయన కళ్లజోడు తీసి, “ఏం బాబూ, ఊరికి కర్మకాండ కూడా మనమే చేయాలా?” అన్నారు. అందరూ నవ్వారు గానీ నాకు టెన్షన్ పట్టుకుంది. పదేళ్లు నిండాయంటే తప్పులేదు, అరవై నిండితే షష్టిపూర్తి చేస్తాం. నూరు దగ్గరే ఎందుకండీ ఈ తంటా?

—

పెద్దాయన సరిగ్గానే పట్టుకున్నారు. పురోహితులు అక్షింతలు వేస్తూ చదివే “శతమానం భవతి” వెంటనే “శతాయుః పురుషః” అని వస్తుంది. మనిషికి కొలిచి ఇచ్చిన ఆయువు వందేళ్లని లెక్క. కొలత నిండిందంటే ఇక మిగిలిందేమీ లేదన్నమాట. అందుకే “వాడికి నూరేళ్లు నిండాయి” అన్నప్పుడు వాడికి పాతికేళ్లే ఉన్నా మనకు వింతగా అనిపించదు.

తమాషా ఏమిటంటే, అవే రెండు మాటల్ని తిరగేస్తే దీవెన. “నిండు నూరేళ్లు చల్లగా ఉండు” అంటాం. ముందున్న “నిండు” విశేషణం, కొరత లేని నూరేళ్లని అర్థం. వెనకొచ్చే “నిండాయి” క్రియ, అంటే పని అయిపోయింది. ఉత్త “నూరేళ్లు” అన్నా దీవెనే. ఎవరి గురించో మాట్లాడుకుంటుంటే ఆ మనిషే గుమ్మంలోకి వస్తే “నీకు నూరేళ్లు!” అనమూ?

—

మాస్టారూ, నూరు తీసేసి వంద పెడితే? “వందేళ్లు నిండాయి” అంటే నాకైతే చావు గుర్తుకు రాదు. నుడికారమంతా నూరుకే అంటుకుపోయింది. పెళ్లిని నూరేళ్ల పంట అంటాం గానీ వందేళ్ల పంట అనం కదా.

—

ఈ గొడవంతా ఎందుకు, “శతాబ్ధి ఉత్సవాలు” అని వేసేస్తాను.

—

ఆగండాగండి! ద రాయాలి, ధ కాదు. “అప్” అంటే నీళ్లు. నీళ్లిచ్చేది అబ్దం, అంటే మేఘం. సంవత్సరానికీ అదే మాట. వర్షం అన్న మాటకూ వాన, ఏడాది అని రెండర్థాలున్నాయి, వార్షికోత్సవంలో ఉన్నది ఆ వర్షమే. వానల్ని లెక్కపెట్టి ఏళ్లు చెప్పుకున్న మనుషుల భాష మరి. ఇక నీళ్లు నిలవుండే చోటు అబ్ధి, అంటే సముద్రం. మీరు రాసింది వంద సముద్రాల పండగ! చిన్న ఊరు, అన్ని నీళ్లు ఎక్కడ పెట్టుకుంటారు? ఆ వత్తు కింద ఉన్న బుల్లి గీత తీయించండి, చాలు.

ఇంకోటి. రెండు మాటలూ కలిపి రాయాలని సరదా పడితే శతాబ్ద+ఉత్సవం “శతాబ్దోత్సవం” అవుతుంది, గుణసంధి. శతాబ్ది+ఉత్సవం అయితే యణాదేశం వచ్చి “శతాబ్ద్యుత్సవం”. అది మైకులో చదవాల్సిన వాళ్ల మీద జాలిపడి విడిగానే రాయండి.

—

శతజయంతి అంటే?

—

మనుషులకు బాగుంటుంది. ఊరికి నాకంత రుచించదు. ఊరు పుట్టింది అనం కదా, వెలిసింది అంటాం, దేవుడి గురించి అన్నట్టే. “ఊరు వెలిసి వందేళ్లు” అనండి, ఎంత హాయిగా ఉందో చూడండి. వర్ధంతి జోలికి మాత్రం పోకండి. కన్నడంలో అది పుట్టినరోజే, మన దగ్గర చనిపోయిన రోజు.

—

ఇన్ని చెప్పారు గానీ, నాకింకా ఆ మొదటి వాక్యం మీదే మనసుంది. నిండడం తప్పు కాదు, నిండి ఆగిపోవడంతోనే చిక్కు. “పదేళ్లు నిండి పదకొండు పడ్డాయి” అంటామే, అలా తరవాతి ఏడాదిని కలిపితే సరి. “నూరేళ్లు నిండి నూటొకటో ఏట అడుగుపెడుతున్న మన ఊరు” అనండి.

—

అదే ఖాయం చేశాను. పెద్దాయన “నిండి” దాకా చదివి నా వైపు ఓ చూపు చూసి, మిగతాది పూర్తిచేసి, సంతకం పెట్టేశారు. ఇందాకే పెద్ద బ్యానర్ నమూనా వచ్చింది. డీటీపీ అబ్బాయి సరిగ్గా “నూరేళ్లు నిండి” దగ్గరే లైను విరిచి, మిగతాదంతా కింద చిన్నక్షరాల్లో పెట్టాడు. మళ్లీ ఫోన్ చేయాలి.