అప్‌డేట్: పక్క లేఅవుట్ వల్ల మా మామిడి తోటలో నీళ్లు నిలుస్తున్న సమస్య తీరింది

చంద్రగిరి దగ్గర మా మామిడి తోట పక్కన లేఅవుట్ వేసి మట్టి ఎత్తుగా పోశారని, వానొస్తే నీళ్లన్నీ మా తోటలోకే వస్తున్నాయని ఏం చేయాలో పోయిన కార్తీకంలో ఇక్కడ అడిగాను కదా.

'ముందు ఎఫ్‌ఎంబీ (పొలం హద్దులు, కొలతలు చూపే సర్వే పటం) తీయించండి' అని సలహా ఇచ్చిన అన్నకు దండం. అదే పనిచేసింది. మండల సర్వేయర్ వచ్చి కొలిస్తే, లేఅవుట్ రోడ్డు కింద పూడిపోయింది వంక పోరంబోకు, అంటే వాన నీళ్లు పారే వంక ఉన్న ప్రభుత్వ భూమి అని తేలింది. వంక మూసేసి, బదులుగా అడుగు వెడల్పు గొట్టం ఒకటి వేశారు. అదీ ప్లాస్టిక్ సంచులతో బిగుసుకుపోయి ఉంది! స్కెచ్, ఫొటోలు పెట్టి తహసీల్దారుకు అర్జీ ఇచ్చాం. రెండు నెలలు తిరిగాక జేసీబీతో వంక తెరిచి, పెద్ద తూము కట్టారు. మొన్నటి వానకు నీళ్లు గంటలో దిగిపోయాయి.

గట్టు ఎత్తు చేసుకోమన్న సలహా మాకు పనికిరాలేదు. 18 వేలు పెట్టి పోసిన గట్టు ఒక్క వానకే తెగింది. లాయర్ నోటీసు దాకా పోలేదు. నాలుగు చెట్లు మాత్రం వేరు కుళ్లి పోయాయి.