ఫ్లోరైడ్ మడ్డిని ఇటుక బట్టీకి ఇవ్వవచ్చా?

ఊరిబావి:
మా బోరు నీటిలో లీటరుకు 3 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉంది. భారత ప్రమాణం ప్రకారం 1 దాటకూడదు, వేరే దిక్కు లేనప్పుడు 1.5 వరకు సరే. నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ ‘నీరి’ రూపొందించిన నల్గొండ పద్ధతిలో పటిక, సున్నం, బ్లీచింగ్ పొడి కలిపి, తేర్చి, వడపోసి తాగుతున్నాం. నీళ్లతో ఇబ్బంది లేదు. బాధంతా తొట్టి అడుగున చేరే తెల్లని మడ్డితోనే. గంజిలా జారుతుంది, ఎండబోస్తే మూడో రోజుకు పెచ్చులు లేస్తుంది. పక్క ఊరి బట్టీ యజమాని మట్టిలో కలుపుకుంటానని, రేపే ట్రాక్టరు పంపుతానని అంటున్నారు. ఇవ్వవచ్చా?

ఎర్రమట్టి:
నిస్సంకోచంగా ఇవ్వండి. ఇరవై ఏళ్లుగా ఇటుకలు కాలుస్తున్నాను, మంచి మట్టి దొరకడం ఏటికేడు కష్టమవుతోంది. థర్మల్ కేంద్రాల బూడిదను ఇటుకల్లో వాడాలని కేంద్రం 1999లోనే ఉత్తర్వు ఇచ్చింది. ఇవాళ ఆ ఇటుకలతో ఎన్ని ఇళ్లు లేస్తున్నాయో చూడండి. మడ్డిలో ఉన్నది అల్యూమినియం, బంకమట్టిలో ఉన్నదీ అదే. ఫ్లోరైడ్ అంటారా, బంకమట్టిలోనూ ఎంతోకొంత ఉంటుంది. పొలం గట్టున పారబోస్తే వానకు మళ్లీ మీ బావిలోకే దిగుతుంది కదా!

పటికబెల్లం:
అన్నా, గట్టున పోయకూడదన్న మాటతో ఏకీభవిస్తాను. బట్టీ విషయంలో మాత్రం ఒప్పుకోలేను. నేను కెమికల్ ఇంజినీరింగ్ చదివాను, ఒక్కసారి లెక్క చూడండి.

వెయ్యి లీటర్ల నీటిలో లీటరుకు 3 మిల్లీగ్రాములను 1కి దించితే 2 గ్రాముల ఫ్లోరైడ్ మడ్డిలోకి చేరుతుంది. అందుకు 400 గ్రాముల పటిక వేశారనుకుందాం. దాని నుంచి వచ్చే అల్యూమినియం హైడ్రాక్సైడ్ ఎండాక సుమారు 100 గ్రాములు. అంటే ఎండు మడ్డిలో నూటికి 2 పాళ్లు, కిలోకు 20 గ్రాములు ఫ్లోరైడే! బంకమట్టిలో మామూలుగా ఉండేది కిలోకు కొన్ని వందల మిల్లీగ్రాములు. మట్టిలో నూటికి 5 పాళ్లు మడ్డి కలిపినా, 3 కిలోల ఇటుక ఒక్కొక్కటీ 3 గ్రాముల ఫ్లోరైడ్‌ను బట్టీలోకి మోసుకెళ్తుంది.

వేడి 800 డిగ్రీలు దాటాక అందులో చాలా భాగం హైడ్రోజన్ ఫ్లోరైడ్ వాయువై పొగలో కలుస్తుంది. పెషావర్ దగ్గర ఇటుక బట్టీల చుట్టూ మామిడి, ఆప్రికాట్ చెట్ల ఆకులు ఈ వాయువుకే మాడాయని పరిశోధకులు నమోదు చేశారు. అక్కడ వాడింది మామూలు మట్టే. ఫ్లోరైడ్ నీళ్లు తాగి మా తాతయ్య మోకాళ్లు వంగిపోయి, చివరి పదేళ్లు మంచం దిగలేదు. నీటిలోంచి ఇంత కష్టపడి తీసిన దాన్ని బట్టీ కూలీల ఊపిరిలోకి వదలడం నా మనసు ఒప్పదు.

ఎర్రమట్టి:
పొగ సంగతి నేను ఆలోచించలేదమ్మా. మరి నదినీటిని శుద్ధి చేసే కేంద్రాల పటిక మడ్డి కూడా పనికిరాదా?

పటికబెల్లం:
అది వేరు. నదినీటిలో సాధారణంగా ఫ్లోరైడ్ తక్కువ, ఆ మడ్డిలో ఎక్కువగా ఒండ్రే. పరీక్ష చేయించుకుని, తక్కువ పాళ్లలో కలిపి చూడండి. ఎక్కువైతే ఇటుక ఎండేటప్పుడు బాగా ముడుచుకుంటుంది, బలం తగ్గుతుంది.

ఫ్లోరైడ్ మడ్డికి సరైన చోటు సిమెంటు కొలిమి. అక్కడ సున్నం దండిగా ఉంటుంది కాబట్టి ఫ్లోరైడ్‌ను పట్టి ఉంచుతుంది. కాల్షియం ఫ్లోరైడ్‌ను కొద్దిగా కలిపితే తక్కువ వేడిలోనే క్లింకర్ (సిమెంటుగా పొడిచేసే కాల్చిన గడ్డలు) తయారవుతుందని ఆ పరిశ్రమకు ఎప్పటినుంచో తెలుసు. ఉమ్మడి నల్గొండ జిల్లాలో సున్నపురాయి ఉంది, సిమెంటు కర్మాగారాలూ ఉన్నాయి.

ఊరిబావి:
మాది నెలకు రెండు బస్తాల మడ్డి. దానికోసం ఏ కర్మాగారం లారీ పంపుతుంది?

పటికబెల్లం:
నిజమే, ఒక్క ఊరి మడ్డికి ఎవరూ రారు. మండలంలోని శుద్ధి కేంద్రాలన్నిటి మడ్డినీ ఒకచోట పోగుచేయాలి, ఆ పని పంచాయతీలది. అంతవరకు సిమెంటు గచ్చు మీద, రేకుల కప్పు కింద ఎండబెట్టి బస్తాలకెత్తండి. వాన చినుకు తగలకూడదు. కిలో మడ్డిని ప్రయోగశాలకు పంపి, నీటిలో నానితే ఎంత ఫ్లోరైడ్ ఊరుతుందో రాయించుకోండి. ఆ కాగితం లేకుండా కర్మాగారం వాళ్లతో మాట్లాడలేం.

ఊరిబావి:
ట్రాక్టరు వద్దని ఇప్పుడే ఫోను చేశాను. బడి వెనుక పాత రేకుల షెడ్డు ఖాళీగా ఉంది, సర్పంచి గారిని రేపు తాళం అడుగుతాను.