విండోస్ ఎన్‌ఎఫ్‌ఎస్ షేర్: లైనక్స్‌లో ఓనర్ 4294967294 అని వస్తోంది

ప్రశ్న:
విండోస్ సర్వర్ 2019లో ఎన్‌ఎఫ్‌ఎస్ (నెట్‌వర్క్ మీద ఫైళ్లు పంచుకునే పద్ధతి) షేర్ ఉంది. రెడ్‌హ్యాట్ 8 మెషీన్లను రెల్మ్ జాయిన్ కమాండ్‌తో యాక్టివ్ డైరెక్టరీలో (ఏడీ, అంటే మైక్రోసాఫ్ట్ యూజర్ ఖాతాల డైరెక్టరీ) చేర్చాం, ఏడీ పాస్‌వర్డ్‌తో లాగిన్ బాగానే అవుతోంది. షేర్ వెర్షన్ 3లో మౌంట్ అవుతుంది. కానీ ఏ ఫైల్ చూసినా ఓనర్, గ్రూప్ రెండూ 4294967294. రాయబోతే పర్మిషన్ డినైడ్. ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో (విండోస్ ఫైల్ సిస్టమ్) అదే యూజర్‌కి మాడిఫై హక్కు ఇచ్చే ఉంది. ఎక్కడ వెతకాలండీ?

జవాబు 1:
ఆ అంకె అసలు మైనస్ 2, 32 బిట్లలో అలా కనిపిస్తోంది. ఓనర్ ఎస్‌ఐడీకి (విండోస్ ఖాతా గుర్తింపు) తగిన యూఐడీ (లైనక్స్ యూజర్ నంబర్) విండోస్‌కి దొరకలేదన్నమాట. లైనక్స్‌లో ఏడీ లాగిన్ చూసుకునే ఎస్‌ఎస్‌ఎస్‌డి సర్వీస్ మామూలుగా ఎస్‌ఐడీ నుంచి యూఐడీని తనే లెక్కగట్టుకుంటుంది. విండోస్ ఎన్‌ఎఫ్‌ఎస్‌కి ఆ లెక్క తెలియదు, అది ఏడీలో యూఐడీనంబర్, జీఐడీనంబర్ (గ్రూప్ నంబర్) ఆట్రిబ్యూట్లనే చూస్తుంది. మీ దగ్గర అవి ఖాళీగా ఉండి ఉంటాయి.

కొత్త నంబర్లు ఇవ్వకండి. లైనక్స్‌లో ఐడీ కమాండ్ ఇప్పుడు చూపిస్తున్న నంబర్లనే ఏడీలో నింపండి, లోకల్ డిస్క్ ఫైళ్లకు చోన్ (ఓనర్ మార్చే కమాండ్) చేసే పని తప్పుతుంది. గ్రూపులకూ నింపాలి, ఎక్కువమంది మరిచిపోయేది ఇదే. డొమైన్ యూజర్స్ గ్రూప్ అయితే 1234600513 లాగా చివర 513తో కనిపిస్తుంది. యునిక్స్ ఆట్రిబ్యూట్స్ ట్యాబ్ 2016 నుంచే లేదు. అడ్వాన్స్‌డ్ ఫీచర్స్ ఆన్ చేసి ఆట్రిబ్యూట్ ఎడిటర్‌లో గానీ, పవర్‌షెల్‌లో సెట్-ఏడీయూజర్ రీప్లేస్‌తో గానీ రాయండి.

తర్వాత ఫైల్ సర్వర్‌లో సెట్-ఎన్‌ఎఫ్‌ఎస్‌మ్యాపింగ్‌స్టోర్‌తో ఏడీ లుకప్ ఆన్ చేసి, డొమైన్ పేరిచ్చి, ఎన్‌ఎఫ్‌ఎస్ సర్వీస్‌ని రీస్టార్ట్ చేయండి. చిట్టచివర మాత్రమే క్లయింట్లలో ఎల్‌డ్యాప్ ఐడీ మ్యాపింగ్‌ని (ఎస్‌ఎస్‌ఎస్‌డి యూఐడీని తనే లెక్కగట్టే సెట్టింగ్) ఫాల్స్ చేయాలి. ఎస్‌ఎస్‌ఎస్‌డి ఆపి, వార్ లిబ్ కింద దాని డీబీ ఫైళ్లు తీసేసి, మళ్లీ మొదలెట్టండి. ఈ వరస తప్పితే, నంబర్ నింపని యూజర్ లైనక్స్‌కి అసలు కనిపించడు, లాగిన్ కూడా పోతుంది.

జవాబు 2:
పై జవాబు సరైనదే, కానీ అక్కడితో ఆగకండి. ఎన్‌ఎఫ్‌ఎస్ మామూలు పద్ధతి అయిన సిస్ సెక్యూరిటీలో క్లయింట్ చెప్పిన యూఐడీనే సర్వర్ నమ్ముతుంది. ఆ మెషీన్‌లో రూట్ ఉన్నవాళ్లు ఎవరి పేరుతోనైనా ఫైళ్లు తెరవగలరు. షేర్‌ని కెర్బరోస్ 5పీకి (టికెట్‌తో గుర్తింపు, ఎన్‌క్రిప్షన్ ఉండే పద్ధతి) మార్చి, వెర్షన్ 4.1తో మౌంట్ చేయండి. సర్వర్ పేరు పూర్తి డొమైన్‌తో ఇవ్వాలి, ఐపీ ఇస్తే టికెట్ రాదు. సెట్‌ఎస్‌పీఎన్‌తో సర్వర్ అకౌంట్‌కి ఎన్‌ఎఫ్‌ఎస్ ఎస్‌పీఎన్ (టికెట్‌కి కావాల్సిన సర్వీస్ పేరు) ఉందో లేదో చూసుకోండి. గడియారాల తేడా 5 నిమిషాలు దాటకూడదు. క్రాన్ జాబులకు టికెట్ ఉండదు కాబట్టి సర్వీస్ అకౌంట్ కీట్యాబ్‌తో (కీ దాచిన ఫైల్) కేఇనిట్ (టికెట్ తెచ్చే కమాండ్) చేయించాలి.

ప్రశ్న అడిగినవారు:
నంబర్లు నింపాక చాలావరకు సరిపోయిందండీ, థాంక్స్. కొన్ని ఫోల్డర్లకు మాత్రం ఓనర్ ఇంకా అదే అంకె, గ్రూప్ సరిగ్గానే వస్తోంది.

జవాబు 1:
అవి అడ్మిన్ హక్కులతో విండోస్‌లో తయారుచేసినవై ఉంటాయి. అలాంటప్పుడు ఓనర్‌గా మనిషి కాక అడ్మినిస్ట్రేటర్స్ గ్రూప్ పడుతుంది, దానికి యూఐడీ లేదు. విండోస్‌లోని ఐక్యాకల్స్ కమాండ్‌లో సెట్‌ఓనర్ వాడి అసలు యూజర్‌కి మార్చండి, లోపలి ఫైళ్లకూ పాకాలంటే స్లాష్ టీ పెట్టండి.