చెన్నైలో పాప థెరపీలన్నీ ఒకే చోట జరిగే దారి ఉందా?

మాది నెల్లూరు. పాప వైద్యం కోసమే చెన్నై వచ్చి వేళచేరిలో అద్దెకుంటున్నాం. తనకు సెరిబ్రల్ పాల్సీ (మెదడులో లోపం వల్ల కండరాలు అదుపులో ఉండని స్థితి), ఆరో ఏడు నడుస్తోంది. ఫిజియో, ఆక్యుపేషనల్ (రోజువారీ పనులు నేర్పేది), స్పీచ్ థెరపీలు ఇన్నాళ్ళూ ఒకే కేంద్రంలో జరిగేవి. ఈమధ్య అక్కడ పద్ధతి మార్చారు. స్పీచ్‌ను వేరే శాఖకు పంపేశారు. మిగతావి వారానికోసారి మాకు నేర్పిస్తారట, ఇంట్లో మేమే చేయించాలట.

ఇంట్లో చేయించడం మంచిదేనండి. స్నానం, అన్నం, ఆటల మధ్య చేయించిందే పిల్లలకు అలవాటవుతుంది. కానీ కాళ్ళ బిగుతు పెరుగుతోందో తగ్గుతోందో చూసి చెప్పే మనిషి కావాలి కదా! థెరపిస్టులు ఒకరితో ఒకరు మాట్లాడుకోకపోతే, పాపను ఎలా కూర్చోబెడితే మెడ నిలుస్తుందో స్పీచ్ వాళ్ళకు ఎవరు చెప్తారు?

ముట్టుకాడులో బహుళ వైకల్యాలున్నవాళ్ళ కోసం ఉన్న కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐఈపీఎండీలో చూపిస్తున్నవాళ్ళు ఉన్నారా? అక్కడ అందరూ కలిసి ఒకే ప్లాన్ రాస్తారా? దివ్యాంగులకు సేవలన్నీ ఒకేచోట ఇచ్చే తమిళనాడు ప్రభుత్వ రైట్స్ ప్రాజెక్టు వన్ స్టాప్ సెంటర్లకు ఎవరైనా వెళ్ళారా? యూడీఐడీ కార్డు (దివ్యాంగుల గుర్తింపు కార్డు) దేశమంతా చెల్లుతుంది, మాది మాత్రం ఆంధ్రా చిరునామాతో ఉంది. చేర్చుకోవడానికి ఇక్కడి రేషన్ కార్డు అడుగుతారా? సెరిబ్రల్ పాల్సీ వంటి వైకల్యాలున్నవాళ్ళకిచ్చే లక్ష రూపాయల నిరామయ ఆరోగ్య బీమాలో థెరపీ బిల్లులు పెట్టినవాళ్ళు ఏ కాగితాలు జతచేశారో చెప్పండి.

అన్నిటికన్నా ముఖ్యం స్పీచ్. పాపకు తెలుగే తెలుసు. ఇప్పుడిప్పుడే రెండు మాటలు కలుపుతోంది, ఈ సమయంలో ఆగిపోకూడదు. వేళచేరి, తరమణి, అడయార్ వైపు తెలుగు వచ్చిన స్పీచ్ థెరపిస్టు తెలిస్తే దయచేసి చెప్పండి.