తల్లిని చూపించని బ్రీడర్ దగ్గర క్రాస్ కుక్కపిల్ల: తీసుకోవాలా, వదిలేయాలా?

మేడమీద_గది:

అందరికీ నమస్కారం. కాస్త టెన్షన్‌లో ఉన్నాను, తిట్టకుండా సలహా చెప్పండి.

కుక్కని పెంచుకోవాలని మాకు ఎప్పట్నుంచో కోరిక. మా ఆవిడకి కుక్కల దగ్గరికెళ్తే తుమ్ములు, కళ్ల దురద, అందుకే ఇన్నాళ్లూ ఆగాం. ఈ మధ్య ల్యాబ్రడార్‌కీ పూడిల్‌కీ పుట్టిన క్రాస్ పిల్లలున్నాయి, వీటికి జుట్టు రాలదు, ఎలర్జీ అసలే రాదు అని ఒక ప్రకటన కనబడితే ఫోన్ చేసి వెళ్లాం.

వెళ్లాక నాకు ఏదో తేడా కొట్టింది. తల్లిని చూపించమంటే వాకింగ్‌కి తీసుకెళ్లారు అన్నాడు, మేం ఉన్నంతసేపూ అది తిరిగి రాలేదు. పిల్లల్ని ఉంచే చోటికి మమ్మల్ని రానివ్వకుండా రెండింటిని చేతుల్లో పట్టుకొచ్చి బయటే చూపించాడు, లోపల్నుంచి మాత్రం చాలా కుక్కల అరుపులు వినబడుతున్నాయి. వయసెంత అంటే ముందు ఏడు వారాలన్నాడు, కాసేపాగి మా ఆవిడ అడిగితే తొమ్మిదన్నాడు. టీకా కార్డు ఉంది కానీ అందులో పెన్నుతో ఒక తేదీ రాసి ఉంది, అంతే. ఈలోపు ఇంకెవరో ఫోన్ చేస్తే పగ్ క్రాస్ పిల్లలు వచ్చేవారం వస్తాయని చెబుతున్నాడు.

ఇంత చూసి కూడా అడ్వాన్స్ ఇచ్చి వచ్చాం. ఎందుకంటే ఆ రెండిట్లో చిన్నది మా పాప ఒళ్లో ఎక్కి పడుకుంది, పాప అక్కడికక్కడే పేరు పెట్టేసింది. పిల్లకి పొట్ట గుండ్రంగా ఉబ్బి ఉంది, తోక కింద బొచ్చు అట్టకట్టింది, కళ్లలో పుసి. మనం తీసుకోకపోతే దాని గతేంటి, మన దగ్గరైతే కనీసం వైద్యమైనా అందుతుంది కదా అని మా ఆవిడ. క్రాస్ కుక్కలు గట్టివి, జాతి కుక్కల్లా జబ్బులు రావు అని మా బావమరిది. నాకైతే మనసొప్పడం లేదు, అలాగని వదిలేయడానికీ మనసు రావడం లేదు. ఏం చేయమంటారు?

సూదిమందు:

నేను పెంపుడు జంతువుల క్లినిక్‌లో అసిస్టెంట్‌ని, డాక్టర్ని కాను. మీరు రాసినవన్నీ చదివాక నా కన్ను ఆ కార్డు దగ్గరే ఆగింది. టీకా వేసినప్పుడు ఆ సీసా మీదున్న చిన్న స్టిక్కర్ని పీకి కార్డులో అంటిస్తాం, దాని మీద టీకా పేరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఉంటాయి, పక్కన డాక్టర్ సంతకం, ముద్ర. స్టిక్కరు లేదు, సంతకం లేదు, ఒక్క తేదీ మాత్రమే ఉందంటే ఆ పిల్లకి టీకా పడలేదనే లెక్క వేసుకోండి. ఒకవేళ నిజంగా పడినా ఒక్క డోసుతో పనైపోదు. తల్లి పాల నుంచి వచ్చిన రక్షణ ఉన్నన్నాళ్లూ అది టీకాని సరిగ్గా పనిచేయనివ్వదు, ఆ రక్షణ ఎప్పుడు తగ్గుతుందో ఒక్కో పిల్లకి ఒక్కోలా ఉంటుంది. అందుకే 6 నుంచి 8 వారాల వయసులో మొదలుపెట్టి, 2 నుంచి 4 వారాలకోసారి వేస్తూ, 16 వారాలు నిండాక ఆఖరి డోసు పడేలా చూస్తారు.

ఇలాంటి చోట్ల నుంచి వచ్చే పిల్లల్లో మేం ఎక్కువగా భయపడేది పార్వో అనే వైరస్ జబ్బు గురించి. కొన్నరోజు గంతులేస్తూ బాగానే ఉంటుంది, వైరస్ సోకాక లక్షణాలు బయటపడటానికి మామూలుగా 3 నుంచి 7 రోజులు పడుతుంది, కాబట్టి అమ్మినవాడు "నా దగ్గర బాగానే ఉంది కదా, మీ ఇంట్లోనే ఏదో అయింది" అని చేతులు దులుపుకుంటాడు. ముందు తిండి మానేస్తుంది, తర్వాత వాంతులు, నెత్తురు విరేచనాలు, కంపు భరించలేం. ఆసుపత్రిలో పెట్టి సెలైన్ ఎక్కించినా అన్నీ బతకవు. పైగా ఆ వైరస్ నేలలో నెలల తరబడి బతుకుతుంది, మామూలు సబ్బునీళ్లకి చావదు, బ్లీచ్ కావాలి. అంటే ఈ పిల్లకి ఏమైనా అయితే వెంటనే ఇంకో పిల్లని కూడా ఆ ఇంటికి తెచ్చుకోలేరు.

పొట్ట ఉబ్బడం బహుశా నులిపురుగులు. అవి తల్లి కడుపులోంచే పిల్లలకి వస్తాయి, పాల ద్వారానూ వస్తాయి, రెండో వారం నుంచే మందు పట్టించాలి. అట్టకట్టిన బొచ్చు అంటే విరేచనాలు. ఇవి రెండూ మందులతో తగ్గేవే, కాకపోతే ఇంత చిన్న విషయానికే పట్టించుకోనివాడు పెద్ద విషయాల్లో ఏం చేసుంటాడు?

వయసు సంగతి: మళ్లీ వెళ్తే నోరు తెరిచి చూడండి. పాలపళ్లు 28, మామూలుగా ఎనిమిది వారాలకల్లా అన్నీ వచ్చేస్తాయి. దవడ వెనకపళ్లు ఇంకా చిగురులోనే ఉన్నాయంటే తొమ్మిది వారాలన్నది నమ్మకండి. ఎనిమిది వారాలకి ముందే తల్లి నుంచి వేరు చేస్తే, ఎంత గట్టిగా కొరికితే ఎదుటివాడికి నొప్పి పుడుతుందో తోటిపిల్లల దగ్గర నేర్చుకునే సమయం దానికి దొరకదు. మీ ఇంట్లో చిన్నపాప ఉందంటున్నారు కాబట్టి చెబుతున్నా.

నాలుగు_కాళ్లు:

ఆరోగ్యం గురించి పైన చెప్పేశారు కాబట్టి నేను ఎలర్జీ సంగతి, మీ బావమరిది గారి మాట చూస్తాను.

ఎలర్జీ తెప్పించేది వెంట్రుక కాదండీ. కుక్క ఉమ్మిలో, చర్మం మీంచి రాలే పొట్టులో ఉండే ప్రొటీన్లు. జుట్టు తక్కువ రాలితే ఇల్లు ఊడ్చే పని తగ్గుతుందేమో గానీ ఆ ప్రొటీన్లు ఆగవు. ఎలర్జీ రాని జాతులు అని పేరుపడ్డ కుక్కలున్న ఇళ్లలో దుమ్ము తీసి కొలిచారు, 2011లో వచ్చిన ఆ పరిశోధనలో మిగతా కుక్కలున్న ఇళ్లకీ వాటికీ తేడా కనబడలేదు. అసలు ఈ ల్యాబ్రడూడుల్ (ల్యాబ్రడార్, పూడిల్ క్రాస్) పిచ్చి మొదలైంది కూడా ఎలర్జీ నుంచే. 1989లో ఆస్ట్రేలియాలో అంధులకి గైడ్ కుక్కల్ని తయారుచేసే సంస్థలో వాలీ కాన్రన్ అనే ఆయన, భర్తకి ఎలర్జీ ఉన్న ఒక అంధురాలి కోసం ల్యాబ్రడార్‌నీ పెద్ద పూడిల్‌నీ కలిపి చూశాడు. ఆ ఈతలో పుట్టిన పిల్లల్లో ఆ భర్తకి పడింది ఒక్కటే! ఒకే తల్లి, ఒకే తండ్రి, ఒకే ఈత, అయినా ఇదీ పరిస్థితి. తర్వాత ఆ పేరు చెప్పుకుని ఎవడు పడితే వాడు అమ్ముకోవడం చూసి, నేనెందుకు మొదలుపెట్టాన్రా బాబూ అని కాన్రనే బాధపడ్డాడు. మరి మీవాడు చూపించిన రెండు పిల్లలకి "ఎలర్జీ అసలే రాదు" అని గ్యారంటీ ఎలా ఇచ్చాడు? పెద్దయ్యాక వాటి జుట్టు సూటిగా వస్తుందో రింగులు తిరుగుతుందో కూడా ఇప్పుడు చెప్పలేం. రింగులు తిరిగితే రోజూ దువ్వాలి, లేకపోతే జడలు కట్టి చర్మం లాగేస్తుంది.

ఇక క్రాస్ అంటే గట్టి అనేదాంట్లో సగం నిజం ఉంది. 2013లో కాలిఫోర్నియా యూనివర్సిటీ వాళ్లు 27 వేల పైచిలుకు కుక్కల రికార్డులు తీసి 24 వంశపారంపర్య జబ్బుల్ని పోల్చారు. వాటిలో 10 జబ్బులు జాతి కుక్కల్లో ఎక్కువ, మోకాలి లిగమెంట్ తెగడం మాత్రం మిశ్రమ కుక్కల్లో ఎక్కువ, మిగతా 13 జబ్బుల్లో తేడా లేదు, తుంటి కీలు సరిగ్గా అమరకపోవడం ఆ పదమూడిట్లోనే ఉంది. ల్యాబ్రడార్‌లలో ఆ తుంటి సమస్య మామూలే, పెద్ద పూడిల్స్‌లోనూ ఉంది. చూపు మెల్లగా పోయే రెటీనా జబ్బు ఒకటుంది, అది రెండు జాతుల్లోనూ ఉన్నదే, తల్లీ తండ్రీ ఇద్దరూ లోపల ఆ జన్యువు మోస్తుంటే పిల్లకి రావచ్చు, పైకి ఇద్దరూ శుభ్రంగా కనిపిస్తారు. డీఎన్‌ఏ పరీక్ష చేస్తే ముందే తెలిసిపోతుంది. తుంటికి ఎక్స్‌రే తీస్తారు. క్రాస్ చేసినా సరే బాధ్యత ఉన్నవాళ్లు ఈ రెండూ చేయించాకే జత కలుపుతారు, రిపోర్టులు అడగకముందే చేతిలో పెడతారు. కాబట్టి నాకు క్రాస్ మీద కోపం లేదు, తల్లిని కూడా చూపించనివాడి మీదే.

రెండో_షిఫ్టు:

అందరూ వద్దనే చెబుతారని తెలుసు, నేను కాస్త అడ్డంగా మాట్లాడతా. పుసి కళ్లతో ఉన్న ఆ పిల్ల ఏ పాపం చేసింది? సిద్ధాంతాలు బాగానే ఉంటాయి బ్రదర్, రేపు అది చస్తే మీ పాపకి ఏమని చెబుతారు? వైద్యం ఖర్చు భరించగలిగితే, ఒక నెల పాటు రాత్రుళ్లు నిద్ర పోయినా ఫరవాలేదనుకుంటే, తీసుకోండి. నేరుగా ఇంటికి కాకుండా ముందు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి, మలపరీక్ష, పార్వో టెస్టు చేయించండి. ఇంట్లోనో పక్కింట్లోనో వేరే కుక్కలుంటే కొన్నాళ్లు దగ్గరికి రానివ్వకండి. అలా చేసిన ఇళ్లలో హాయిగా పెరిగిన కుక్కలు చాలానే ఉన్నాయి, ఎవరూ చెప్పుకోరంతే.

సూదిమందు:

@రెండో_షిఫ్టు అన్నా, మీ జాలి నాకు అర్థమవుతుంది, అలా వచ్చిన పిల్లల్ని మేమూ బతికించుకుంటాం. కానీ మీరు చూస్తోంది పిల్లని మాత్రమే, లోపల అరుస్తున్న వాటిలో ఒకటి దాని తల్లి. ఆడకుక్క మామూలుగా ఏడాదికి రెండుసార్లు ఎదకి వస్తుంది, చూలు 63 రోజులు. ఇలాంటివాళ్లు ఒక్క ఎద కూడా వదలరు, పాలు మాన్పించిన ఒళ్లు కోలుకోకముందే మళ్లీ జత కట్టిస్తారు. మా దగ్గరికి అలా వాడిపడేసిన ఆడకుక్కలు వస్తుంటాయి, పొదుగు నేలకి వేలాడుతూ, చేతిలో దువ్వెన కనబడినా మూలకి నక్కుతూ. మీరు ఇచ్చే డబ్బు పిల్లని విడిపించినట్టు కనబడుతుంది గానీ ఆ తల్లి తర్వాతి ఈతకి అదే పెట్టుబడి. వాడు పిల్ల అమ్ముడుపోయిందా లేదా అన్నదొక్కటే చూస్తాడు, మీరు జాలితో కొన్నారా ముచ్చటపడి కొన్నారా వాడికి అనవసరం.

ఇంగ్లండ్‌లో 2020 ఏప్రిల్ నుంచి ఆరునెలల లోపు పిల్లల్ని మధ్యవర్తులు అమ్మడానికి వీల్లేదు, పెంచినవాళ్లే, అవి పుట్టిన చోటే, తల్లి పక్కనుండగా చూపించి అమ్మాలి. తల్లి కనబడకపోతే వెనక్కి తిరిగిపొమ్మని జనానికి చెప్పడానికే అంత చట్టం తెచ్చారు.

రెండో_షిఫ్టు:

తల్లి సంగతి నేను ఆలోచించలేదు, ఒప్పుకుంటా. కానీ ఆ పిల్లకి మాత్రం ఏం చేద్దాం మరి?

నాలుగు_కాళ్లు:

కొనకుండా కూడా చేయొచ్చు. జంతు సంక్షేమం చూసే అధికారులకి, అక్కడ ఇలాంటి కేసులు చూసే సంఘాలకి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి: ప్రకటన స్క్రీన్‌షాట్, కార్డు ఫొటో, ఫోన్ నంబరు, పిల్ల ఏ స్థితిలో ఉందో. ఈ వారంలోనే వెళ్లి పట్టుకొస్తారని నేను చెప్పను, ఫిర్యాదులు పోగైతేనే కదులుతారు. అయినా మీలాంటి వాళ్ల ఫిర్యాదు లేకపోతే అసలు కదలరు.

మీకు కుక్కే కావాలంటే, మీ ఆవిడ ఎలర్జీ దృష్ట్యా పిల్ల కంటే పెద్ద కుక్కని దత్తత తీసుకోవడం నయం అంటాను. ఎంత పెరుగుతుందో, జుట్టు ఎలా ఉంటుందో, పిల్లలతో ఎలా ఉంటుందో అన్నీ కళ్ల ముందే ఉంటాయి. ముందు ఆ కుక్కతోనే నాలుగైదుసార్లు మూసిన గదిలో గంటేసి కూర్చోమనండి, చేతులు నాకనివ్వండి. ఎలర్జీ డాక్టర్‌ని కలిసి పరీక్ష చేయించుకున్నాక అయితే ఇంకా మంచిది. తీరా ఇంటికి తెచ్చాక పడకపోతే ఆ కుక్కకి ఇల్లు మళ్లీ పోతుంది, మీ పాప ఏడుపు అప్పుడు ఇంతకి నాలుగింతలుంటుంది.

మేడమీద_గది:

చాలా థాంక్స్ అందరికీ. నిన్న ఫోన్ చేసి తల్లితో కలిపి వీడియో పెట్టమన్నాను, తుంటి ఎక్స్‌రే, కళ్ల జబ్బు డీఎన్‌ఏ రిపోర్టు ఉన్నాయా అని అడిగాను. "క్రాస్‌కి అవేం అక్కర్లేదు సార్, కావాలంటే తీసుకోండి, వెనక ఇంకా ముగ్గురు లైన్లో ఉన్నారు" అన్నాడు. కార్డు మీద స్టిక్కరు గురించి అడిగేసరికి కట్ చేశాడు, అడ్వాన్స్ ఇక రాదనే అనుకుంటున్నా.

మా ఆవిడకి మీరు రాసినవి చదివి వినిపించాను. పిల్ల విషయంలో కాదు గానీ, తల్లి గురించి విన్నాక మెత్తబడింది. ఎలర్జీ డాక్టర్ అపాయింట్‌మెంట్ తీసుకున్నాం. పాపకి ఇంకా చెప్పలేదు, అదొక్కటే మిగిలింది. ఫిర్యాదుకి కార్డు ఫొటో తీసి ఉంచాను, కానీ ఫొటోలో తేదీ సరిగ్గా కనబడట్లేదు, అయినా పనికొస్తుందా?

సూదిమందు:

పనికొస్తుంది. ఉన్నది ఉన్నట్టు పెట్టండి, తేదీ మీరు చూసినట్టు విడిగా రాయండి. అడ్వాన్స్ ఫోన్‌లో పంపించి ఉంటే ఆ రసీదు కూడా జత చేయండి, అమ్ముతున్నాడనడానికి అంతకంటే రుజువు ఉండదు. ఇంకోటి, ఆ పిల్లని ఎత్తుకున్నప్పుడు వేసుకున్న బట్టలు, చెప్పులు బ్లీచ్ కలిపిన నీళ్లలో శుభ్రం చేసేయండి, ముఖ్యంగా చుట్టుపక్కల ఎవరింట్లోనైనా టీకాలు పూర్తికాని కుక్కపిల్లలుంటే.